ముందు ఓడెక్కిందెవరు

పద్నాలుగేళ్ళ పిల్ల కోసం ఒక రాజు సముద్రం దాటాడట, అదీ తుపానుల కాలంలో, మంత్రులకి కూడా సరిగ్గా చెప్పకుండా స్కాట్లాండులో ఓడెక్కి నార్వేలో దిగాడట, డెన్మార్కు రాజుగారి కూతుర్ని వెతుక్కుంటూ, మరి ఇక్కడ తన మొగుడనే మహారాజు ఒక్క వాగు దాటలేకపోయాడు, ఏం చెప్పమంటారు తన భాగ్యం, అనుకుంటూ కృష్ణకుమారి నారుమడిలో వంగి ఇంకో పిడికెడు నారు పీకింది, వేళ్ళ మట్టి నీళ్ళలో జాడించింది, కావలసినదానికంటే గట్టిగానే జాడించింది, బురద ఎగిరి పక్కన వంగున్న సుమిత్ర మొహాన పడింది, పడితే పడనీ, సుమిత్ర మోచేత్తో మొహం తుడుచుకుని, నెత్తిమీది యూరియా సంచి సర్దుకుని, ఏమీ అనలేదు, అదే ఒళ్ళు మండించేది, ఏదైనా అంటే తనూ నాలుగు అనొచ్చు కదా, అనదు, నంగనాచి, ఇంతకీ ఈ సుమిత్ర ఎవరంటే అన్న భానుప్రసాద్ పెళ్ళాం, అంతటితో అయిపోతే ఏ గోలా లేదు, తన మొగుడు కమలేష్‌కి సొంత చెల్లెలు కూడా, వైశాఖంలో ఒకే పందిట్లో రెండు పెళ్ళిళ్ళు, మరైగూడ పిల్ల పామేడుకి, పామేడు పిల్ల మరైగూడకి, కుండమార్పిడి, ఇటు కుండ అటు, అటు కుండ ఇటు, ఆఖరికి పిలుపులు కూడా సమానంగా పంచారు, ఇద్దరూ ఒకరికొకరు వదినే.

ఆ రాజుల గొడవ తన నెత్తికి చుట్టుకున్న తీరు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, ఎం.ఏ. హిస్టరీ ప్రైవేటుగా కట్టింది, ఆఖరి ఏడు లఘు శోధ్ అని నలభై పేజీల చిన్న థీసిస్ హిందీలో రాయాలి, గీదం కాలేజీలో మేడం టాపిక్కులు చీటీల మీద రాసి స్టీలు డబ్బాలో వేసి తలా ఒకటి తియ్యమంది, ముందు తీసిన స్నేహితురాలు జయకి బస్తర్ దసరా వచ్చింది, దాని అదృష్టం, ఇంటి అరుగు మీద కూర్చుని రాసేసింది, తన చీటీలో ఉన్నది స్కాండినేవియా రాకుమార్తెల వివాహ సంబంధాలు, ఆ దేశాల పేరు నోరు తిరగడానికే రెండు రోజులు పట్టింది, జయ కడుపు పట్టుకుని నవ్వి పోవే, నీకు రాజుల సంబంధం తగిలింది అంది, పెళ్ళిపనులు ఒక పక్క, డెన్మార్కు ఒక పక్క, పసుపు చేతులతోనే రాసింది, కొన్ని పేజీల అంచులు ఇప్పటికీ పచ్చగానే ఉన్నాయి, స్వీడన్, నార్వే, డెన్మార్కు, కొట్టుకోవడం, అలిసిపోవడం, ఒక పిల్లనిచ్చి రాజీపడటం, స్వీడన్ రాజు కూతురు మార్గరెట్‌ని నార్వే రాజుకిచ్చి యుద్ధం ఆపారు, జనం ఆమెని శాంతిపిల్ల అన్నారు, పెళ్ళాం అనలేదు, రాణి అనలేదు, శాంతిపిల్ల, అది రాస్తుంటే అమ్మ సమ్మక్క పక్కన కూర్చుని చింతపండు గింజలు తీస్తూ ఏంది బిడ్డా అంత రాస్తున్నవ్ అంటే, కుండమార్పిడే అమ్మా, మన లెక్కనే అంది తను, అమ్మ మొహం వెలిగిపోయింది, గంత పెద్దోళ్ళు గూడ చేస్తరా, మరి మనదేం తక్కువనే అంది, అంతా బాగానే రాసింది, వైవాలోనే ఒక్క ప్రశ్న దగ్గర బోల్తా పడింది, ఆ డెన్మార్కు పెళ్ళికి ముందు ఓడెక్కిందెవరు అని మేడం అడిగితే, రాజే కదా మేడం అంది, మేడం అదోలా నవ్వి, నువ్వు రాసింది నువ్వే చదవలేదా అంది, ఆ నవ్వు ఇప్పుడెందుకు గుర్తురావాలి, వదిలెయ్, నారు పీకు.

తుపాను రాజు అనుకున్నప్పుడల్లా కళ్ళముందుకి వచ్చేది రాజు కాదు, అన్న, అదీ బాధ, ఆషాఢంలో కొత్త కోడళ్ళిద్దరూ పుట్టింటికి రావాలి కనక ఒకే రోజు చర్ల బస్టాండులో మార్చుకున్నారు, అన్న తన పెళ్ళాన్ని బావమరిదికి అప్పజెప్పి చెల్లెల్ని బండెక్కించుకున్నాడు, మళ్ళీ శ్రావణం రెండో శుక్రవారం అదే బస్టాండులో అదే మార్పిడి అని రెండు వైపుల పెద్దలూ అనుకున్నారు, ఒక కుండ ఎత్తిన గడియలోనే రెండో కుండ దించాలి, ఒక గడపకి కోడలుండి రెండో గడపకి లేకుండా ఉండకూడదు, అదీ కట్టు, అన్న ఆగాడా, ఎనిమిది రోజులు ముందే, జోరువానలో, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా పోయి, లారీ ట్యూబు పట్టుకుని వాగు ఈది, పెళ్ళాన్ని ఆ ట్యూబు మీదే కూర్చోబెట్టి తోసుకుంటూ ఇవతలికి తెచ్చాడు, సాయంత్రానికి ఇద్దరూ వాకిట్లో నిలబడి వణుకుతున్నారు, సుమిత్ర చీర మీద అన్న చొక్కా, అమ్మ ఒక నోటితో తిడుతూ ఒక చేత్తో వేణ్ణీళ్ళు తోడుతోంది, మర్నాటికి ఊరంతా ఇదే కథ, పెండ్లాం మీద పానమంటే గట్లుండాలె, మొగోడంటే భానే అని, ఫోన్లో అన్న పెట్టుకున్న ఫొటో కూడా అదే, తడిసిన జుట్టుతో, ట్యూబు మెడలో దండలా వేసుకుని నవ్వుతున్న సుమిత్ర, ఆ ఫొటో తను ఎన్నిసార్లు చూసిందో చెప్పుకుంటే సిగ్గు, చూసినప్పుడల్లా కళ్ళు కుట్టాయి, కుట్టవా మరి, ఇద్దరూ ఒకే పందిట్లో ఒకే బ్రాహ్మడి మంత్రాలకి తలవంచినవాళ్ళే, ఒకరికి వాగు దాటే మొగుడు, ఇంకొకరికి గట్టున కూర్చునే మొగుడు, మార్పిడి అన్నాక తూకం సరిగ్గా ఉండాలి కదా.

మొగుణ్ణి వదిలెయ్, ఇల్లు చూడు, ఈ పదహారు రోజులుగా సుమిత్ర పొయ్యి ముందు కూర్చునేది తను కూర్చునే పీట మీద, నీళ్ళు తాగేది చిన్నప్పటినుంచీ తన పళ్ళగాట్లున్న స్టీలు గ్లాసుతో, మొన్న వాన వెలిసినప్పుడు అమ్మ అరుగు మీద కూర్చుని సుమిత్ర తల్లో పేలు చూస్తోంది, పాయ తీసి, గోరుతో పట్టి, తన తలకి చేసినట్టే పెదాలు బిగించి, అది చూసి తను నీళ్ళబిందె అక్కడే పెట్టేసి దొడ్లోకి పోయి ఏ పనీ లేకుండా నిలబడింది, మామూలు అమ్మాయిలకి పెళ్ళయితే పుట్టిల్లు ఎక్కడికీ పోదు, వదిలిన చోటే ఉంటుంది, కుండమార్పిడిలో అలా కాదు, వెళ్ళిన మర్నాడే ఆ చోట్లో ఇంకొకత్తి కూర్చుంటుంది, అది తెలిసే ఒప్పుకుంది తను, నోటితో ఒప్పుకుంది, కడుపు ఒప్పుకోవద్దూ.

ఇక ఆ కమలేష్, పేరైతే సినిమా హీరోలా పెట్టాడు బడిలో హిందీ పంతులు, మనిషి మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఉంటాడు, కూర మాడితే తింటాడు, మాడకపోతే తింటాడు, రెండు నెలల కాపురంలో ఆయన మాట్లాడిన మాటలన్నీ ఏరినా ఒక దోసిలి నిండదు, రెండో శుక్రవారం తను పొద్దున్నే తలంటుకుని బ్యాగు సర్దుకుని కూర్చుంది, సుమిత్ర ఎలాగూ వచ్చేసింది కనక ఇక బస్టాండు మార్పిడేముంది, ఆయనే వచ్చి తీసుకుపోతాడు అనుకుంది, మధ్యాహ్నమైంది, పొద్దుగూకింది, రాలేదు, అమ్మ వానే బిడ్డా, వాగు పొంగింది అంది, అన్నకి పొంగని వాగా, మూడు సాయంత్రాలు బడి వెనక గుట్టెక్కింది, సిగ్నల్ అక్కడే దొరుకుతుంది, ఫోను చేతిలో పట్టుకుని నిలబడితే జయ మెసేజులు వచ్చాయి, బ్యాంకు మెసేజులు వచ్చాయి, ఆయన ఫోను రాలేదు, తనెందుకు చెయ్యాలి, రాజు కోసం రాకుమార్తె ఉత్తరం రాయాలా, ఫోను ఆపేసి బియ్యం డబ్బాలో పడేసింది.

నిన్న అన్నం దగ్గర అంది, నేనింక పామేడు పోను, అని, ఒక్క మాట, అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది, నాయన ముసలయ్య కంచంలోంచి తలెత్తలేదు, అన్న చెయ్యి కడుక్కుని లేచిపోయాడు, సుమిత్ర మాత్రం ఏమీ జరగనట్టు మజ్జిగ పోసింది, కానీ సగం కంచం బయట పోసింది, తను చూసింది, ఎందుకు పొయ్యదు, కుండమార్పిడిలో ఒకటి వెనక్కొస్తే రెండోదీ వెనక్కి పోవాలి, తను ఇక్కడ ఉంటే సుమిత్ర ఇక్కడ ఉండకూడదు, లారీ ట్యూబు లేదు, ఫొటో లేదు, పేలు చూడటం లేదు, ఈ మధ్యాహ్నం కులపెద్ద ఎర్రయ్య తాత వస్తాడు, అమ్మాయి నోటితోనే వింటానన్నాడట, తను తల అడ్డంగా ఊపితే చాలు, ఇంత బలం తన చేతికి ఎప్పుడూ రాలేదు, రాత్రంతా ఆ బలాన్ని చప్పరిస్తూ పడుకుంది, తీపిగానే ఉంది, కాదనడం దేనికి, డెన్మార్కు పిల్ల ఇంగెబోర్గ్ గుర్తొచ్చింది, ఫ్రాన్సు రాజు ఆమెని పెళ్ళాడిన మర్నాడే వద్దు పొమ్మన్నాడు, ఎందుకో ఎవరికీ తెలీదు, ఆమె కదల్లేదు, ఆ దేశం మాట ఒక్కటి రాదు, బందిఖానాలో పెట్టినా నేను రాణినే అని ఇరవై ఏళ్ళు కూర్చుంది, అంత మొండిది, తనూ అంతే, కూర్చుంటుంది, కాకపోతే ఆమె కూర్చుంది మొగుడి రాజ్యంలో, తను కూర్చునేది అమ్మ ఇంట్లో, తేడా ఉందా, ఉంటే ఉండనీ.

అప్పుడు అంది సుమిత్ర, నారుకట్టకి గడ్డిపరక చుట్టి ముడేస్తూ, తలెత్తకుండా, వదినా, నువ్ పోకుంటే నేను పోత, అంతేగా, నా బట్టలు రాత్రే సంచిల పెట్టిన, నేనేం కాళ్ళు పట్టుకోను, కాని ఒక్కటడుగుత, మా అన్న చేసిన తప్పేంది, అని, తప్పేందా, రాలేదు, అదీ తప్పు, మీ అన్న రాలేదు, మా అన్న వచ్చిండు నీకోసం, అంది తను, గొంతు తనది కానట్టు కీచుగా వచ్చింది, సుమిత్ర చేతిలో కట్ట నీళ్ళలోకి జారవిడిచి నడుం నిమిరుకుని నిలబడింది, వచ్చిండు, దొంగ లెక్క వచ్చిండు, రోజు పెట్టినంక ఆగకుండ, ఎవ్వరికి చెప్పకుండ నన్ను తోలుకొచ్చిండు, నాకు మస్తు సంబరమైంది, ఎందుకు అబద్ధం, కాని తెల్లారి మా కాడ పెద్దోళ్ళు కూసున్నరు, కట్టు తప్పింది మరైగూడోళ్ళు, ముందు తీస్కపోయినోళ్ళే రెండో పిల్లని తెచ్చియ్యాలె, భానుప్రసాద్ కోడిపుంజు, కొత్త తువ్వాల పట్టుకొని వచ్చి తప్పయిందనాలె, అప్పటిదాంక కమలేష్ వాగు దాటొద్దు, దాటితే మన గడప పరువు పోతది అన్నరు, మీ అన్నకు కబురొచ్చింది, తలొంచుకొని పోవుడు ఆయనకి చేతకాలే, వానలు తగ్గనీ అనుకుంట తిరుగుతున్నడు, నీకు చెప్పొద్దని నా మీద ఒట్టేయించుకున్నడు, ఇగో చెప్పిన.

వాన సన్నగా మొదలైంది, సంచి మీద చినుకుల చప్పుడు, తను ఇన్నాళ్ళూ కళ్ళల్లో నిప్పులు పోసుకుని చూసిన ఆ ట్యూబే, ఆ ఈతే తన మొగుడి కాళ్ళకి తాడై చుట్టుకుందన్నమాట, పొంగే వాగు ఈదిన మగధీరుడికి చెల్లెలి కోసం ఒక కోడిపుంజు చంకన పెట్టుకుని నడవడానికి సిగ్గేసిందన్నమాట, మొగోడంటే భానే, ఊరు ఊరంతా అంది, తనూ మనసులో అంది, ఇదంతా నీకెట్ల తెలుసు అనడిగితే సుమిత్ర, మా అన్ననే చెప్పిండు, మొన్న నేను గుట్టెక్కినప్పుడు ఫోన్ చేసి, అంది, అంతే, అర్థమైనదంతా ఒక్కసారిగా వెనక్కి పోయి కొత్త మంట లేచింది, నీకు చేసిండా, పెళ్ళానికి కాదు, చెల్లెలికి, చూశారా ఈ మనిషిని, అసూయ అనేది ఒక పొయ్యిలో ఆరితే ఇంకో పొయ్యిలో అంటుకుంటుంది కాబోలు, నీకే చేసిండు వదినా, నాలుగు రోజులుగ చేస్తుండు, నీ ఫోను బందుందంట, సిగ్నల్ కోసం వాగు ఒడ్డున పెద్ద బండకాడికి రోజూ పొద్దుగూకంగ వస్తడంట, ఇటు దిక్కు చూసుకుంట కూసుంటడంట, మా అమ్మ చెప్పింది.

మా అమ్మ అన్నప్పుడు సుమిత్ర గొంతు పగిలింది, ఇంతవరకూ పగలనిది అక్కడ పగిలింది, నేనొకటి చెప్పనా వదినా, ఆషాఢమంత మా ఇంట్ల ఉన్ననా, నెల రోజులు మా అమ్మ నోట్ల నీ పేరే, కృష్ణ అయితే పులుసుల బెల్లం ఇంతే ఏస్తది, కృష్ణ చాప గిట్ల మడుస్తది, నేను పుట్టి పెరిగిన ఇంట్ల నాకు చాప మడవరాదంట, నీ చీర నా దండెం మీదుంది, నా దుప్పటి నువ్ కప్పుకుంటున్నవ్, ఒకరోజు కోపమొచ్చి నీ చీర తీసి దొడ్లెకు ఇసిరేసిన, మళ్ళ నేనే ఉతికి ఆరేసిన, అంది, బురద చేతులతో కళ్ళు తుడుచుకోలేక భుజానికి రాసుకుంది, తనకి తనవే గుర్తొచ్చాయి, స్టీలు గ్లాసు, పీట, పాయ తీసిన తల, పొరుగింటి పుల్లకూర రుచి అంటారు, ఇక్కడ పొరుగింటిది కాదు, ఎవరి కూర వాళ్ళదే, కాకపోతే కంచాలు మార్చి పెట్టారు, అత్త తన గురించి అంత మాట అందా, తన ముందు ఎప్పుడూ అనలేదు, ఆ ఇంట్లో ఎవరూ ముందు అనరు కాబోలు, కొడుకూ అంతే కదా.

కొడుకూ అంతే, అనుకోగానే దీపం గుర్తొచ్చింది, పామేడులో, పెళ్ళయిన మూడో వారం, కరెంటు పోయి తను వంటింట్లో ఉంది, ఆయన చాప మీద బోర్లా పడుకుని తన లఘు శోధ్ ముందు పెట్టుకుని ఎనిమిదో తరగతి హిందీతో, ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదువుతున్నాడు, వద్దనలేదు తను, చదువుతాడన్న నమ్మకం లేదు, ఆరు రోజులు చదివాడు అలా, నలభై పేజీలు, పసుపు అంచులు జాగ్రత్తగా తిప్పుతూ, అమ్మ చదవలేదు, అన్న చదవలేదు, జయ మొదటి పేజీ చూసి బొమ్మల్లేవా అంది, ఆయన ఒక్కడే మొత్తం చదివి, ఆరో రోజు వంటింటి గుమ్మంలో నిలబడి, తల గోక్కుంటూ, కృష్ణా, ఆ డెన్మార్కు పిల్ల ముందే బయల్దేరిందంట గదా, రాజు కంటే ముందే, మరి అందరు రాజునే ఎందుకు మెచ్చుకుంటున్నరు, అన్నాడు, దోసిలి నిండని మాటల్లో అదొకటి, తనేమంది, నీకేం తెలుసు రాజుల సంగతి, జరుగు, అన్నం వార్చాలి, అంది, ఆయన జరిగాడు, మళ్ళీ అడగలేదు, నెల తిరక్కుండా గీదంలో మేడం అదే అడిగింది, అచ్చం అదే, జవాబు తన మొగుడు తన చేతికిచ్చి పెట్టాడు, తను పారబోసుకుంది, ఇంటికొచ్చి ఎలా జరిగింది వైవా అని ఆయన అడిగితే బాగా జరిగింది అని మొహం తిప్పుకుంది, ఇన్నాళ్ళూ అన్న మీదా, సుమిత్ర మీదా, ఫొటో మీదా పెట్టి మండించుకున్నది ఆ తిప్పుకున్న మొహాన్ని చూసుకోలేకేనా, అయ్యో, ఎంత దానివే కృష్ణకుమారీ.

గట్టు మీద నల్ల గొడుగు కనబడింది, ఎర్రయ్య తాత, వెనక నాయన, ఆ వెనక అన్న, దుక్కి ఆపి వస్తున్నట్టున్నాడు, మోకాళ్ళదాకా బురద, తల నేలకేసి ఉంది, సుమిత్ర చటుక్కున వంగి నారులో చేతులు పెట్టింది, పీకడం లేదు, ఊరికే నీళ్ళలో ఉంచింది, తాత గట్టు మీదే నిలబడి, ఏమ్మా కృష్ణా, ఏంది నీ మాట, పోతవా, ఉంటవా, నిమ్మళంగ చెప్పు, అన్నాడు, ఇంత బలం, ఇంకా చేతిలోనే ఉంది, సుమిత్ర మెడ వంక చూసింది, పేలు చూసిన పాయ ఇంకా అలాగే ఉంది, కుట్టింది, ఇప్పుడూ కుట్టింది, పోలేదు అసూయ, అది అంత తేలిగ్గా పోయే రకం కాదు, తనతోనే పామేడు వస్తుంది, వస్తే రానీ, బండ మీద ఇంత చోటుంటుంది, పోత తాతా, అంది, ఇయాల్నే పోత, నాకోసం ఎవ్వరు రానక్కర్లే, అన్న మాత్రం కోడిపుంజు, తువ్వాల పట్టుకొని నా ఎనక రావాలె, నా ఎనక, ముందు కాదు, అని అన్న మొహంలోకి చూస్తూ అంది, అన్న తలూపాడు, తాత ముసిముసిగా నవ్వాడు, సుమిత్ర నారులోంచి చేతులు తీసి బిగ్గరగా ఏడ్చేసింది, ఎందుకేడుస్తవ్, లే, ఆ ట్యూబు ఏడ పెట్టిన్రు, అని తనంటే, కొట్టంల, ఎద్దుల ఎనక, వదినా, గాలి నింపాలె, అంది వెక్కుతూ, తను కాలవలో కాళ్ళు కడుక్కుంటోంది, బియ్యం డబ్బాలోంచి ఫోను తియ్యాలి, ఛార్జింగు ఉండదు, లేకపోయినా పొద్దుగూకేసరికి ఆయన బండ మీదే ఉంటాడు, అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పాలి, రెండు నెలలు ఆలస్యంగా అయినా చెప్పాలి, పందొమ్మిదో పేజీ, తన చేత్తోనే రాసింది, నీలం సిరాతో, సెప్టెంబరులో బయల్దేరింది ఆన్ అనే ఆ పిల్ల, ఓడలోకి నీళ్ళొచ్చాయి, గాలి వెనక్కి తోసింది, మళ్ళీ బయల్దేరింది, మళ్ళీ తోసింది, ఆఖరికి నార్వే ఒడ్డున పడింది, అప్పుడు కదా రాజు వచ్చింది, అతను ఓడెక్కేసరికి ఆమె ఒళ్ళంతా ఉప్పునీళ్ళే, ముందు ఓడెక్కింది ఆ పిల్లే.